రెండు రాష్ట్రాలలో పొలమున్న కుటుంబాలు: తోబుట్టువుల భాగ వివాదాలు

సరిహద్దు గ్రామాలలో పలు కుటుంబాల భూములు ఎల్లకు ఇరువైపులా ఉంటాయి. పెద్దవాడు ఈవైపు పొలాన్ని, చిన్నవాడు ఆవైపు పొలాన్ని సాగుచేసికొంటూ, దాఖలాలో ఎవరి పేరుంటే భూమి వారిదేనని తలచుట పరిపాటి. తండ్రి మరణించిన పిమ్మట తగవులలో పెక్కింటికి మూలమిదే. కర్ణాటక పహణీ గాని, తమిళనాడు పట్టా, చిట్టాలు గాని, మహారాష్ట్ర సాత్‌బారా గాని ముఖ్యంగా శిస్తు వ్యవహారానికి ఉద్దేశించినవి. అందులో పేరెక్కినంత మాత్రాన యాజమాన్య హక్కు రాదనీ, పేరు లేనంత మాత్రాన పోదనీ సుప్రీంకోర్టు పలుమార్లు చెప్పింది.

దాఖలాలు రాష్ట్రానికొక తీరైనా, హిందూ కుటుంబాలకు వారసత్వ చట్టం ఒక్కటే. అది 1956 నాటిది. యానాంలో మాత్రం, ఫ్రెంచి పాలనలో స్వధర్మశాస్త్రాన్ని వదలుకొని ఫ్రెంచి పౌరస్మృతిని స్వీకరించిన కుటుంబాలకు ఇది వర్తించదు. పిత్రార్జితంలో కుమార్తెకు హక్కును ఆంధ్రప్రదేశ్ 1985 నుంచి, తమిళనాడు 1989 నుంచి, కర్ణాటక, మహారాష్ట్రలు 1994 నుంచి ఇచ్చినా, అంతకుముందే వివాహమైనవారిని మినహాయించాయి. 2005 సెప్టెంబరు 9న అమలుకు వచ్చిన కేంద్ర సవరణలో ఆ మినహాయింపు లేదు. ఆనాటికి తండ్రి జీవించి ఉండనవసరం లేదని 2020 ఆగస్టు 11న సుప్రీంకోర్టు తీర్పునిచ్చింది. అయితే 2004 డిసెంబరు 20కి పూర్వం చట్టబద్ధంగా ముగిసిన పంపకాలను తిరగదోడుటకు వీలులేదు.

స్వార్జితం లెక్క సులభం. తండ్రికి పావగడ తాలూకాలో నాలుగెకరాలు, మడకశిర వైపు రెండెకరాలు స్వార్జితం ఉండి, వీలునామా లేక మరణించాడనుకొందాం. భార్య, ఇద్దరు కుమారులు, ఒక కుమార్తె వారసులైతే (మృతుని తల్లి జీవించి ఉంటే ఆమెకూ సమభాగం) తలకు ఎకరన్నర వస్తుంది. ఇక్కడొక చిక్కున్నది. కర్ణాటక దాఖలాలో ఎకరన్నరను 1-20 అని, అనగా ఎకరం ఇరవై గుంటలని వ్రాస్తారు. ఆంధ్ర దాఖలాలో అదే 1-50, అనగా ఎకరం యాభై సెంట్లు. గుంటకు రెండున్నర సెంట్లు. కన్నడ కాగితంలోని 20ని సెంట్లుగా చదివినవారు ముప్పై సెంట్లు నష్టపోతారు. పంపకానికి కూర్చొనేముందు కొలతలన్నీ ఒకే మానంలోకి మార్చుకొనుట మేలు.

రాజీ కుదిరితే ఇరువైపుల ఆస్తులనూ ఒకే జాబితాలో చేర్చి, భాగపరిష్కార దస్తావేజును రిజిస్టరు చేయించాలి. కన్నడసీమలో దీనినే పాలుపట్టి అని, తమిళసీమలో పాగప్పిరివినై అని అంటారు. స్టాంపు సుంకం రాష్ట్రానికొక రీతిగా ఉంటుంది గనుక రెండు సబ్‌రిజిస్ట్రారు కార్యాలయాలలోనూ ముందుగా విచారించుకోవాలి. ఆడపడుచు ఇష్టపడి తన భాగాన్ని వదలుకొనవచ్చు. అందుకు రిజిస్టరైన హక్కువిడుదల దస్తావేజు కావాలి. చీరపెట్టి, తెల్లకాగితంపై వేలిముద్ర తీసికొనుట పరిష్కారం కాదు, మర్యాద అంతకంటే కాదు.

రాజీ కుదరనిచో రెండు రాష్ట్రాలలో రెండు దావాలు వేయనవసరం లేదు. సివిల్ ప్రొసీజర్ కోడు 17వ సెక్షను ప్రకారం, ఆస్తిలో ఏ కొంత భాగమున్న చోటనైనా తగిన అధికారమున్న కోర్టులో మొత్తం ఆస్తికి దావా వేయవచ్చు. కొంత ఆస్తిని, లేక ఒక వారసుని విడిచివేసిన దావా ఆక్షేపణకు గురి అవుతుంది. దావా నడుస్తుండగా ఒకరు పొలం అమ్మినా, కొన్నవారు తీర్పుకు కట్టుబడవలసినదే.

కోర్టు గడప ఎక్కక మునుపే లోక్ అదాలత్‌ను ఆశ్రయించవచ్చు. అందలి రాజీ అవార్డు డిక్రీతో సమానం, దానిపై అప్పీలు లేదు. కోర్టులో ఉన్న దావా అక్కడ రాజీ అయితే చెల్లించిన కోర్టు రుసుము తిరిగి వస్తుంది. 1987 నాటి న్యాయసేవల చట్టం ప్రకారం స్త్రీలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయసహాయం లభిస్తుంది. తాలూకా, జిల్లా కోర్టుల ఆవరణలలోని న్యాయసేవా సంస్థలలో దరఖాస్తు చేసికోవాలి. ఉమ్మడి ఆస్తి నుంచి తనను తప్పించారని తెలిసిన నాటినుంచి పన్నెండేళ్లలోగా దావా వేయవలసి ఉన్నందున, పుట్టింటి కబురుకై ఏళ్లతరబడి వేచి ఉన్న ఆడపడుచులు ఈ గడువును గమనించాలి.