ప్రవాహ గణనము: యంత్రమును ఎన్నుకొనుట ఎట్లు?

విశాఖపట్టణము రేవులో ఓడ కదలునప్పుడు దాని ముందు నీరు చీలును, వెనుక సుడులు తిరుగును. ఆ నీరు ఓడను ఎంత బలముతో అడ్డగించునో తెలియనిదే ఇంజను శక్తిని నిర్ణయించుట సాధ్యము కాదు. దీనికి పాత మార్గము నమూనా పరీక్ష. 1969లో విశాఖపట్టణములో స్థాపించిన నౌకా విజ్ఞాన సాంకేతిక ప్రయోగశాలలో 500 మీటర్ల పొడవు, 8 మీటర్ల వెడల్పు, 8 మీటర్ల లోతు గల నీటి తొట్టి ఉన్నది. అందులో ఓడ నమూనాను లాగి నిరోధమును కొలుతురు.

రెండవ మార్గము లెక్క. ప్రవాహమును చిన్న చిన్న గడులుగా విభజించి, ఒక్కొక్క గడిలోని వేగమును, పీడనమును అంకెలతో కనుగొందురు. దీనినే గణన ప్రవాహగతి శాస్త్రము అందురు. కంచరపాలెములోని పాలిటెక్నిక్ విద్యార్థి దీనిని నేర్వదలచినచో ఎట్టి కంప్యూటరు, ఎట్టి సాఫ్ట్‌వేరు కావలెను? ఈ ప్రశ్నకు చరిత్రలోనే జవాబు ఉన్నది.

మొదటి ప్రపంచ యుద్ధ కాలములో ఫ్రాన్సులో అంబులెన్సు దళమున పనిచేయుచు, రిచర్డ్‌సన్ అను ఆంగ్ల శాస్త్రజ్ఞుడు వాయు ప్రవాహమును చేతితో లెక్కించెను. 1910 మే 20వ తేదీన ఆరు గంటలలో వాయుపీడనము 145 మిల్లీబారులు పెరుగునని లెక్క తేలినది. నిజమునకు ఆనాడు పీడనము ఇంచుమించు మారలేదు! 1922లో ఆయన ఈ విఫల ఫలితమును దాచక ప్రచురించెను. ఆరంభమున తీసికొన్న కొలతలలోని అసమతుల్యతయే దోషమునకు కారణమని తరువాతివారు నిరూపించిరి. ఎంత వేగముగల యంత్రమైనను ఆ తప్పుడు జవాబునే త్వరగా ఇచ్చియుండును.

1953లో జపాను శాస్త్రజ్ఞుడు కవగుతి స్తంభము చుట్టు ప్రవాహమును బల్లమీది లెక్కల యంత్రముతో సాధించెను. వారమునకు 20 గంటల చొప్పున ఏడాదిన్నర పట్టినది.

మన హైదరాబాదు అనుభవమును చూడుడు. 1980లలో అమెరికా నుండి శక్తిమంతములైన క్రే కంప్యూటర్లు మనము కోరినట్లు లభింపలేదు. 1988లో హైదరాబాదున ఏర్పడిన రక్షణ పరిశోధన సంస్థ 'అనురాగ్', విమానముల చుట్టు గాలి ప్రవాహమును లెక్కించుటకు 'పేస్' అను యంత్రమును నిర్మింప పూనుకొన్నది. మొదటి నమూనాలో నాలుగే సాధారణ మోటొరోలా ప్రాసెసర్లు. తరువాత ఎనిమిది, ఆపై 128. ఒక పెద్ద పొలమును పలువురు పంచుకొని దున్నినట్లు, ప్రాసెసర్లు పనిని పంచుకొని, ఒకదానికొకటి సందేశములు పంపుకొనును. ముందు సమస్యను నిర్ణయించుకొని, దానికి తగిన యంత్రమును తరువాత కూర్చుటయే ఇందలి నీతి.

సాఫ్ట్‌వేరు కథయు ఇట్టిదే. భారతీయుడైన సుహాస్ పటాంకర్, బ్రిటిషు ఆచార్యుడు స్పాల్డింగ్ 1972లో ప్రచురించిన 'సింపుల్' పద్ధతి నేటికిని వాడుకలో నున్నది. 2004 నుండి 'ఓపెన్‌ఫోమ్' ఉచితముగా లభించుచున్నది. దాని లోపలి సూత్రములను విద్యార్థి చదివి చూడవచ్చును.

అందలి తొలి అభ్యాసము, మూత జరుగుచుండు చతురస్రపు పెట్టెలోని ప్రవాహము. దానికి 20 × 20, అనగా 400 గడులే చాలును. పాత కంప్యూటరైనను క్షణములలో లెక్కించును. ఇట్టి పెట్టెకే ఘియా దంపతులు, షిన్ 1982లో ఇచ్చిన ఫలితములు ప్రమాణముగా ఉన్నవి. విద్యార్థి వారి లెక్కను తిరిగి చేసి, తన జవాబును వారి పట్టికతో సరిచూచుకొనవచ్చును.

పది లక్షల గడుల సమస్యకు ఒకటి రెండు గిగాబైట్ల ర్యామ్ పట్టును. అయితే గడి అంచును మూడు దిక్కులలోను సగము చేసినచో గడులు 8 రెట్లగును. కాలపు మెట్టును కూడ సగము చేయవలసి వచ్చుటచే పని 16 రెట్లగును. ప్రాసెసరులో కోర్లు ఎక్కువైనంత మాత్రమున వేగము పెరుగదు. ర్యామ్ నుండి అంకెలు సకాలమున రానిచో అవి ఊరకయే వేచియుండును. కావున ఒకే ర్యామ్ పలకకంటె సమానమైన రెండు పలకలు మేలు.

ఖరీదైన యంత్రము లేదని చదువు వాయిదా వేయనక్కరలేదు. ఉన్న కంప్యూటరుపై చిన్న సమస్యను సాధించి, తెలిసిన ఫలితముతో సరిపోల్చి, గడులను పెంచి మరల చూడవలెను. యంత్రము చాలని దినము వచ్చినప్పుడు, ఎట్టిది కావలెనో ఆ సమస్యయే చెప్పును.