కార్తికంలో పెరటి తోట – యానాం చెప్పే పాఠం



దీపావళి సందడి ముగిసింది. గౌతమి రేవులో కార్తిక దీపాలు తేలుతున్నాయి. మీ పెరట్లో చామంతులు మొగ్గ తొడిగి ఉంటాయి, గట్టు మీద గరిక ఏపుగా పెరిగి ఉంటుంది. ఈ రోజుల్లో తోటలో ఏం చెయ్యాలని ఏ విదేశీ పుస్తకాన్నో తెరిస్తే, రాలిన ఆకులు ఊడ్చెయ్యండి, దుంపలు తవ్వి ఇంట్లో దాచుకోండి, ఇక వసంతం దాకా విశ్రాంతి తీసుకోండి అంటుంది. ఆ మాట చలి దేశాలకు సరిపోతుంది. మనకు మాత్రం ఈ నెల తోటకు ముగింపు కాదు, ఆరంభం. అయితే ఆ ఆరంభాన్ని ఆకాశం వైపు చూస్తూ చెయ్యాలి. ఈ సంగతిని గోదావరి తీరం ఎంత మూల్యం చెల్లించి నేర్చుకున్నదో ఈవేళ మనవి చేస్తాను.

యానాం ఫ్రెంచివారి ఏలుబడిలో ఉండిన ఊరని మీకు తెలుసు. 1954లో ఆ పాలన ముగిసేదాకా వారి కాగితాల మీద వారి నెలలే నడిచాయి. ఫ్రాన్సులో విప్లవం వచ్చాక, 1793లో, పాత క్యాలెండరును పక్కనపెట్టి కొత్తది తెచ్చారు. అది ఒక రకంగా తోటమాలి పంచాంగమే. నెలలకు ప్రకృతిని బట్టి పేర్లు పెట్టారు. అక్టోబరు చివరి నుంచి నవంబరు మూడో వారం దాకా బ్రూమేర్, అంటే పొగమంచు నెల. ఆ తరువాతిది ఫ్రిమేర్, అంటే నేల గడ్డకట్టే చలి నెల. ఏడాదిలో దాదాపు ప్రతి రోజుకూ ఒక కూరగాయ పేరో, పండు పేరో, పశువు పేరో ఉండేది. పదేసి రోజులకు ఒకసారి ఒక పనిముట్టు పేరు వచ్చేది. ఫ్రిమేర్ ఆఖరి రోజు పేరు పార!

ఎంత ముచ్చటైన ఆలోచన! కాని ఒక్క చిక్కుంది. అది పారిస్ వాతావరణాన్ని చూసి రాసిన పంచాంగం. మార్గశిరంలో దుప్పటి ఒకటి కప్పుకుంటే చాలనే యానాంలో గడ్డకట్టే చలి ఎక్కడిది? అదృష్టమో, చమత్కారమో గాని, అదే 1793లో యానాం ఇంగ్లీషువారి చేతిలోకి వెళ్ళింది. నెపోలియన్ యుద్ధాలు ముగిశాకనే తిరిగి ఫ్రెంచివారికి దక్కింది. ఈలోగా, 1805 ఆఖరుతో, ఆ క్యాలెండరును ఫ్రాన్సే విడిచిపెట్టింది.

అంతెందుకు, యానాం పుదుచ్చేరి ప్రాంతంలో భాగమైనా ఆ రెండు ఊళ్ళకే తోట పంచాంగం ఒకటి కాదు. పుదుచ్చేరికి ప్రధానమైన వానలు ఈశాన్య ఋతుపవనంతో వస్తాయి. అక్కడ నవంబరు కుండపోత నెల. యానాంకు నైరుతి వానలు ముందే కురిసి ఉంటాయి; అక్టోబరు దాటాక వాన క్రమంగా తెరిపినిస్తుంది. ఏలుబడి ఒకటైనంత మాత్రాన ఋతువు ఒకటి కాదు.

ఈ నేలను చూసి, ఈ నేలకు తగిన మొక్కను వెతికిన మనిషి మరొకరు ఉన్నారు. ఆయన విలియం రాక్స్‌బర్గ్. ఇంగ్లీషు కంపెనీ వైద్యుడు. యానాంకు దగ్గరలోనే ఉన్న సామర్లకోటలో 1781 ప్రాంతం నుంచి తోట పెంచాడు. మిరియాలు, రొట్టెపనస, నీలిమందు మొక్కలు ఇక్కడి నేలలో ఎలా వస్తాయో పరీక్షించాడు. అంతకు ముందే మద్రాసు తీరంలో వాతావరణాన్ని రోజూ కొలిచి రాసుకోవడం ఆయనకు అలవాటు. కోరమాండల్ తీరపు మొక్కల మీద బొమ్మలతో ఆయన చేసిన గ్రంథం 1795 నుంచి వెలువడింది.

ఆయనకు కూడా ఈ తీరం పాఠం నేర్పకుండా వదల్లేదు. యానాం పక్కనే ఉన్న ఇంజరంలో సముద్రం పొంగి వచ్చినప్పుడు ఆయన సేకరించిన మొక్కల నమూనాలు, పుస్తకాలు కొట్టుకుపోయాయి. భార్యాబిడ్డలు ప్రాణాలతో బయటపడడమే గొప్ప. ఆ తరువాత 1790ల మొదట్లో ఉత్తర సర్కారులను పీడించిన ఘోరమైన కరువును కూడా ఆయన చూశాడు. కొబ్బరి, తాడి, అరటి, పనస వంటి చెట్లను విరివిగా నాటించాలని సలహా ఇచ్చాడు. వరి ఎండినా చెట్టు నాలుగు మెతుకులకు ఆధారమవుతుందని దాని భావం. 1793లో, యానాం చేతులు మారిన ఏడాదే, ఆయన కలకత్తా తోటకు అధిపతిగా వెళ్ళిపోయాడు.

ఇక మన ఆకాశం సంగతి. ఈ మూడు తేదీలు గుర్తుపెట్టుకోండి. 1839 నవంబరు 25: యానాం పొరుగునే ఉన్న కోరింగి రేవును ఉప్పెన తుడిచిపెట్టింది. 1977 నవంబరు 19: దివిసీమ ఉప్పెన. 1996 నవంబరు 6: రాత్రివేళ కాకినాడకు దక్షిణంగా తీరం దాటిన తుపాను యానాంను, కోనసీమను కుదిపేసింది. తరాల కొబ్బరితోటలు ఒక్క రాత్రిలో నేలకొరిగాయి. మూడూ నవంబరులోనే వచ్చాయి. మనం విత్తనం వేసే నెల, సముద్రం కోపగించే నెల ఒకటే కావడం ఈ తీరం ప్రత్యేకత.

కాబట్టి కార్తికంలో మీ పెరటి పనిని ఈ వరసలో పెట్టుకోండి. మొదటిది నీటి దారి. మడుల చుట్టూ కాలవ తీసి, చెట్టు మొదట్లో నీరు నిలవకుండా చూడండి. నానిన నేలలో వేరు పట్టు సడలుతుంది. గాలికి చెట్టు ఒరిగేది అప్పుడే. రెండోది కొబ్బరి. ఎండిన మట్టలు, ముదిరిన గెలలు దింపించండి. అవి గాలికి ఎగిరితే ఇంటికీ మనిషికీ ప్రమాదం. పచ్చి మట్టల జోలికి మాత్రం పోవద్దు. చెట్టుకు తిండి వండిపెట్టేది అవే. మూడోది, అన్నిటికన్నా ముఖ్యమైనది: విత్తనమంతా ఒకేసారి చల్లకండి. సగం గింజలు డబ్బాలో దాచండి. వాన ముంచినా రెండోసారి నారు పోసుకోవచ్చు.

ఇంటి ముందు పచ్చిక ఉన్నవారికి ఒక మాట. వినాయకుడికి మనం సమర్పించే గరికే లోకమంతటా వెచ్చని దేశాల్లో లాన్ల గడ్డి. అమెరికాలో టెక్సాస్ వంటి చోట్ల మన తెలుగువారి ఇళ్ళ ముందు అది చలికాలంలో గోధుమరంగుకు తిరిగి నిద్రపోతుంది. యానాంలో నిద్రపోదు, కాస్త మందగిస్తుందంతే. కనుక దాన్ని నేలకంటా కొయ్యకండి, తడి నేల మీద తొక్కకండి, సాయంత్రాలు నీళ్ళు పెట్టకండి.

వాన తెరిపిచ్చాక గులాబీ కొమ్మలు కత్తిరిస్తే నెలన్నరలో పూలు వస్తాయి. నవంబరు ఆఖరున మల్లెపొదలను కత్తిరించి కొన్నాళ్ళు నీరు తగ్గిస్తే వేసవిలో విరగబూస్తాయి. బంతినారు ఇప్పుడు నాటితే సంక్రాంతికి గుమ్మానికి తోరణం మీ పెరటిదే అవుతుంది.

చివరగా ఒక చిన్న మనవి. ఒక నోటు పుస్తకం పెట్టుకోండి. వాన ఎప్పుడు పడింది, గాలి ఎటు వీచింది, ఏ మొక్క నిలిచింది, ఏది ఒరిగింది అని నాలుగు ముక్కలు రాయండి. పారిస్‌లో రాసిన పంచాంగం మన తోటకు పనికిరాలేదు. మీ పెరటి పంచాంగాన్ని మీరే రాయాలి. రేపు మీ మనవలు విత్తనాల డబ్బా తెరిచేనాడు, గింజలతోపాటు ఆ పుస్తకం కూడా వారి చేతికి అందాలి.