మెట్టు ఎక్కిన నర్సు, దూరమైన రోగి

ఆసుపత్రిలో ఎప్పుడైనా ఉండవలసివచ్చినవారైతే మీరీ సంగతి గమనించే ఉంటారు. వైద్యుడు రోజుకు ఒకటి రెండుసార్లు చూసి వెళతాడు. రాత్రంతా కనిపెట్టుకొని ఉండేది నర్సు. కాని మన ప్రభుత్వాసుపత్రులలో ఆమె నైపుణ్యానికి దక్కే బహుమానం విచిత్రమైనది. స్టాఫ్ నర్సు హెడ్ నర్సు అవుతుంది, అదృష్టం బాగుంటే సూపరింటెండెంటు కూడా. మెట్టు ఎక్కినకొద్దీ రోగికి దూరమై, దుప్పట్ల లెక్కలకూ డ్యూటీ పట్టికలకూ దగ్గరవుతుంది.

నేను పనిచేసిన ఒకచోట ఒక సిస్టరు ఉండేవారు. నాడి, రక్తపోటు ఇంకా సవ్యంగా ఉండగానే, "సార్, ఈయన వాలకం నాకు నచ్చడం లేదు" అనేవారు. ఒకనాడు నేను ఆ మాట పెడచెవిని పెట్టాను. తెల్లవారేసరికి ఆమె భయమే నిజమైంది. కొన్నేళ్లకు ఆమెకు పదోన్నతి వచ్చింది. అందరమూ సంతోషించాము; వార్డు మాత్రం ఆమెను కోల్పోయింది.

ఈ చిక్కు మన ఒక్కరిదే కాదు. 1980ల ఆరంభంలో అమెరికాను నర్సుల కొరత వేధించింది. అప్పుడు అక్కడి నర్సింగ్ అకాడమీ, నర్సులు ఎందుకు మానేస్తున్నారని కాక, ఎక్కడ నిలిచి ఉంటున్నారని విచారించింది. 163 ఆసుపత్రులను పరిశీలించి, 41 ఆసుపత్రులను 1983లో 'మాగ్నెట్', అంటే అయస్కాంత ఆసుపత్రులుగా పేర్కొంది. అక్కడ నర్సు మాటకు విలువ ఉంది, తన పనిలో నిర్ణయాధికారం ఉంది, ఎదిగే దారి ఉంది. తరువాత ఇదొక అధికారిక గుర్తింపు పథకమైంది. 1994లో దానిని మొదట పొందినది సియాటిల్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయ వైద్యకేంద్రం.

నాకు అంతకంటె ముఖ్యంగా తోచేది 1984లో వెలువడిన ప్యాట్రిషియా బెన్నర్ గ్రంథం. చదరంగం ఆటగాళ్లనూ పైలట్లనూ పరిశీలించి డ్రైఫస్ సోదరులు రూపొందించిన నమూనాను ఆమె నర్సింగ్‌కు అన్వయించి, కొత్తగా చేరినవారి నుండి నిపుణుల వరకు ఐదు దశలు చూపారు. చివరి దశకు చేరిన నర్సు కొలతలు మారకముందే ప్రమాదాన్ని పసిగట్టగలదట. చదువుతుంటే మా సిస్టరే కళ్లముందు మెదిలారు. ఈ దశలను ఆధారం చేసుకొని అనేక ఆసుపత్రులు 'క్లినికల్ ల్యాడర్' ఏర్పరచాయి. నర్సు రోగి మంచం వద్దనే ఉంటుంది. హోదా, జీతం పెరుగుతాయి.

మన దేశంలో 1973 నుండి జాతీయ ఫ్లోరెన్స్ నైటింగేల్ పురస్కారం ఉంది. గౌరవనీయమైనదే, కాని దేశం మొత్తంలో అది అందేది కొద్దిమందికే. నైపుణ్యాన్ని బట్టి వార్డులోనే ఎదగనిచ్చే నిచ్చెన వేరు. మనకు కావలసినది అదేనని నా అభిప్రాయం.

ఆ సిస్టరు పదవీ విరమణ వరకు ఆఫీసు గదిలోనే ఉన్నారు. క్లిష్టమైన కేసు వచ్చి కబురంపితే రిజిస్టరు మూసి వచ్చేవారు. అది ఆమె విధులలో లేని పని.