జిన్ అనే ఉచ్చు: ఒక ఆంగ్ల పదం పుట్టుక, అర్థపరిణామం

వరంగల్, ఆదిలాబాద్, గుంటూరు పత్తి రైతులకు జిన్నింగు మిల్లు అన్నది నిత్యవ్యవహారంలోని మాట. అమెరికాలో ఎలీ విట్నీ 1793లో పత్తి గింజ తీసే యంత్రం తయారుచేసినప్పుడు ‘ఇంజిన్’ను కుదించి ‘జిన్’ అన్నారని తరచు వివరిస్తుంటారు. ఇందులో సగమే నిజం. జిన్ అలాంటి కుదింపే. కాని అది విట్నీకి ఐదు శతాబ్దాల ముందే జరిగిపోయింది. అంతేకాదు, ఆంగ్లంలో ఈ మాటకు యంత్రమనే కాక ఉచ్చు అనే అర్థం కూడా మొదటి నుంచీ ఉంది. ఈ రెండింటికీ ఒకే పేరు ఎలా కుదిరిందో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

వ్యుత్పత్తి

దీనికి మూలం లాటిన్‌లోని ‘ఇంగేనియుం’. ‘లోపల’ అనే అర్థమిచ్చే ఉపసర్గకు, ‘పుట్టించు’ అనే అర్థమున్న ధాతువు చేరి ఏర్పడిన పదమిది. మన జన్మ, జనని, జనకుడు అన్న మాటలకు ఆధారమైన సంస్కృత ‘జన్’ ధాతువు ఆ లాటిన్ ధాతువుకు సజాతీయం. పుట్టుకతో వచ్చిన బుద్ధి, ప్రతిభ అనేవి ఇంగేనియుం తొలి అర్థాలు. కాలక్రమంలో ఆ బుద్ధితో కల్పించిన వస్తువుకు కూడా అదే పేరు వచ్చింది. మధ్యయుగ లాటిన్‌లో కోటగోడలు పగలగొట్టే యుద్ధయంత్రం ఇంగేనియుం, దాన్ని నిర్మించేవాడు ‘ఇంగేనియాటర్’. నేటి ఇంజినీరు అతని వారసుడే.

ప్రాచీన ఫ్రెంచిలో ఇది ‘ఎంజిన్’ అయింది. ప్రతిభ, యంత్రం అనే అర్థాలతో పాటు మోసపు ఎత్తుగడ అనే అర్థం కూడా అక్కడ బలపడింది. ‘చెడు’ అనే విశేషణం చేర్చి ‘మాల్ ఎంజిన్’ అంటే కపటమని అర్థం. అంటే ఆంగ్లానికి చేరేసరికే ఈ మాట మంచినీ చెడునూ రెంటినీ మోస్తోంది.

ఫ్రెంచిలో ఊనిక రెండో అక్షరం మీద పడేది. ఊనిక లేని తొలి అచ్చు ఆంగ్లంలో జారిపోయి, 13వ శతాబ్ది నాటికి ‘జిన్’ అనే రూపం వాడుకలోకి వచ్చింది. ‘ఎస్క్వయర్’ నుంచి ‘స్క్వయర్’ వచ్చింది కూడా ఇలాగే. మశూచి టీకాతో ప్రసిద్ధుడైన ఎడ్వర్డ్ జెన్నర్ ఇంటిపేరును సైతం ఇంజినీరు మాటకు కురచ రూపంగానే వివరిస్తారు. ఇలాంటి మార్పుకు ‘అఫెసిస్’ అని పేరు పెట్టినవాడు ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు సంపాదకుడు జేమ్స్ మర్రే.

మద్యం పేరైన ‘జిన్’కు దీనితో ఏ సంబంధమూ లేదు. అది జూనిపర్ కాయల పేరు మీద వచ్చిన డచ్చి మాట ‘జెనీవర్’కు కుదింపు, 18వ శతాబ్ది తొలినాళ్లది. రెండు వేర్వేరు పదాలు కుదించుకుపోయి ఒకే ధ్వని దగ్గర కలిశాయి.

యంత్రం, ఉచ్చు

కురచ రూపం ఏర్పడ్డాక రెండు రూపాలూ పని పంచుకున్నాయి. పెద్ద యంత్రాలు క్రమంగా ఇంజిన్ వాటాకు వెళ్లాయి. బొగ్గుగనుల దగ్గర గుర్రాలు తిప్పే చక్రయంత్రం, బరువులెత్తే కప్పీ, పత్తి గింజ తీసే సాధనం, జంతువులను పట్టే ఉచ్చు జిన్ దగ్గర మిగిలాయి. 1611 నాటి ఆంగ్ల బైబిలులో కీర్తనల గ్రంథంలో, ఆమోసు గ్రంథంలో జిన్ అంటే ఉచ్చే. షేక్‌స్పియర్ ‘మాక్బెత్’లో పిట్టలు పట్టే సాధనాల వరుసలో వల, బంక, గొయ్యితో పాటు ఇదీ ఉంది.

ఉచ్చు అనే అర్థం యంత్రం నుంచి వచ్చిందా, మోసం నుంచి వచ్చిందా? ఒక్క దారినే ఎంచుకోనక్కరలేదని నా అభిప్రాయం. తెలుగులో వలనూ పన్నుతాం, కుట్రనూ పన్నుతాం. ఒకే క్రియ రెంటికీ సరిపోవడం ఈ భావాల చుట్టరికానికి సాక్ష్యం. అమరకోశం ఉచ్చుకు ‘కూటయంత్రం’ అనే పేరు చెబుతుంది. కూటమంటే కపటం. సంస్కృతానికి యంత్రం పక్కన కపటాన్ని విడిగా చేర్చాల్సి వచ్చింది. ఆంగ్లంలో ఆ రెండూ ఒక్క జిన్‌లోనే ఇమిడిపోయాయి.

ఈ కలయికకు మూలం ఉచ్చు పనిచేసే తీరులోనే ఉంది. ఈటె విసరాలంటే వేటగాడి చెయ్యి కావాలి. ఉచ్చు మాత్రం ఒకసారి పన్నితే, పన్నినవాడు ఇంట్లో నిద్రపోతున్నా తన పని తాను చేస్తుంది. మనిషి దగ్గర లేకున్నా అతని ఉపాయం పనిచేయడమే యంత్రానికీ ఉచ్చుకూ ఉమ్మడి లక్షణం. బుద్ధి అనే తొలి అర్థం ఈ రెంటిలోనూ వస్తువుగా మారి నిలిచింది.

చట్టం

మనిషి లేకున్నా పనిచేసే ఆ లక్షణమే ప్రమాదానికీ మూలం. బ్రిటన్‌లో కుందేళ్ల కోసం వాడిన ‘జిన్ ట్రాప్’కు పళ్లున్న రెండు ఇనుప దవడలు, వాటిని బిగించే స్ప్రింగు, నడుమ ఒక పలక ఉంటాయి. పలక మీద అడుగు పడగానే దవడలు కాలిని పట్టేస్తాయి. ఆ కాలు కుందేలుదా, కుక్కదా అని చూసేవారెవరూ అక్కడ ఉండరు. చిక్కిన ప్రాణి గంటల తరబడి నరకం అనుభవించేది. 1954 నాటి చట్టం ప్రకారం ఇంగ్లాండు, వేల్స్‌లలో 1958 నుంచి ఈ సాధనాన్ని నిషేధించారు. మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ఉచ్చులనూ బోనులనూ ఆయుధాల నిర్వచనంలోనే చేర్చింది. ఉచ్చు పన్నడాన్ని వేటగానే పరిగణించింది. పన్నినవాడు అక్కడ లేడన్నది సాకుగా చెల్లదనే న్యాయం ఇందులో ఉంది.

ముగింపు

ఈ పరిశీలన నుంచి రెండు విషయాలు తేలుతున్నాయి. మొదటిది, ఆంగ్ల–తెలుగు నిఘంటువులు మద్యం పేరును ఒక ఆరోపంగా (నిఘంటు పదంగా), ఉచ్చు, కప్పీ, పత్తి యంత్రం అనే అర్థాలను మరో ఆరోపంగా విడదీసి చూపాలి. రెండోది, జిన్ చరిత్రను మంచి మాట చెడిపోయిన కథగా చదవకూడదు. ప్రతిభ, మోసం, యంత్రం, ఉచ్చు ఈ మాటలో పక్కపక్కనే పెరిగాయి. మనిషి తన బుద్ధిని వస్తువులో పెట్టి వదిలినప్పుడు అది చేసే పనికి జవాబుదారీ ఆ మనిషిదే. మనిషి పక్కన లేకుండా పనిచేసే యంత్రాలు పెరుగుతున్న ఈ కాలంలో ఈ పాత పదాన్ని శ్రద్ధగా చదవవలసిన అవసరం మరింత ఉంది.