చౌక తిండిని చౌక చేసిందెవరు? - వెలివాడ వంటింట్లో మాంసకృత్తుల చరిత్ర

తక్కువ ఖర్చులో బలమైన తిండి ఎలా వండుకోవాలో పేదలకు చెప్పే ఉపన్యాసాలు ఈ దేశంలో కొత్తవి కావు. 1876-78 కరువులో కర్నూలు, కడప, నెల్లూరు జిల్లాలు ఎండిపోయి జనం పిట్టల్లా రాలిపోతున్నప్పుడు, సర్ రిచర్డ్ టెంపుల్ మద్రాసు రాజధానికి వచ్చి కరువు పనుల కూలీ రేటు కోసేశాడు. మగకూలికి రోజుకు ఒక పౌను గింజలు, అంటే అరకిలోకి కూడా తక్కువ, పైన కాస్త చిల్లర. మనిషి బతకడానికి ఇంతకంటే అక్కర్లేదన్నాడు. మద్రాసు శానిటరీ కమిషనర్ డాక్టర్ కార్నిష్ ఒప్పుకోలేదు. రాళ్ళు కొట్టే మనిషికి ఒట్టి గింజలు చాలవు, నత్రజని ఉన్న పదార్థం, పప్పులాంటిది, కావాలని వాదించాడు. కొన్ని నెలలకే ఆ కూలీ రేటు మార్చవలసి వచ్చింది. అప్పటికే ఎన్ని ప్రాణాలు పోయాయో!

ఈ వాదులాటలో ఇద్దరూ దొరలే. ఆ గింజలు తిన్నవాళ్ళు ఏమన్నారో రికార్డుల్లో లేదు. పనుల దగ్గరికి ముందుగా చేరింది భూమి లేని మాల మాదిగ కూలీలని వేరే చెప్పాలా? మనిషిని ఎంత తక్కువతో బతికించవచ్చు అన్న ప్రశ్న ఎప్పుడూ పైనుంచే వస్తుంది. ఆ తక్కువతోనే మనవాళ్ళు ఏం వండుకున్నారు, ఆ తక్కువను తక్కువ చేసిందెవరు అన్నది మా ప్రశ్న.

ముందు ఒక లెక్క చూద్దాం. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ పట్టికల ప్రకారం నూరు గ్రాముల కందిపప్పులో మాంసకృత్తులు సుమారు 22 గ్రాములు. ఉలవల్లోనూ సుమారు 22. గొడ్డుమాంసంలోనూ సుమారు 22. శాస్త్రానికి మూడూ ఒక్కటే. ఊరికి మాత్రం ఒకటి కాదు. కందిపప్పు పెళ్ళి విస్తట్లోకి, ఉలవలు ఎడ్ల కుడితితొట్టిలోకి, గొడ్డుకూర ఊరి బయటికి. ధర కూడా ఆ వరసనే నడిచింది. ఊరు ఈసడించుకున్నది చౌక అయింది. ఆ చౌకనే మన అమ్మలు పట్టుకుని బిడ్డల్ని బతికించారు. (ప్రోటీనుకు తెలుగు పాఠ్యపుస్తకం పెట్టిన పేరే మాంసకృత్తు. ఆ పేరు పెట్టిన పుస్తకాలు గొడ్డుమాంసం మాటెత్తడానికి మాత్రం సిగ్గుపడతాయి.)

తునకల సంగతి కాస్త వివరంగా చెప్పాలి. తెలంగాణలో తునకలంటారు, కోస్తాలో ఒట్టితునకలంటారు, ఉప్పుకండ అని కూడా అంటారు. వాడలో ఒక గొడ్డు పడిందంటే కూర ఒక్కపూటకు తరగదు. చల్లపెట్టె లేదు. కాబట్టి కూరను సన్నగా, పొడుగ్గా, తాడులాగా కోయడం, ఉప్పూ పసుపూ పట్టించడం, దండేల మీద మూడునాలుగు రోజులు ఎండబెట్టడం. కాకులు ఎత్తుకుపోకుండా కర్ర పట్టుకుని కూచునేది పిల్లలు. గలగలమని ఎండాక కుండకెత్తి, మధ్యమధ్య మళ్ళీ ఎండ చూపిస్తే నెలల తరబడి ఉంటుంది. నీరంతా పోవడంతో పిడికెడు తునకల్లోనే బోలెడు బలం ఉంటుంది. పనుల్లేని రోజుల్లో ఆ పిడికెడు తీసి నిప్పుల మీద కాల్చి, దంచి, గోంగూరలోనో చింతచిగురులోనో దోసకాయలోనో వేస్తే ఇంటిల్లిపాదికీ కూర. కొవ్వు కరగబెట్టి దాచుకుంటే నూనె కొనే పని లేదు. బొక్కలు చారుకు. నెత్తురును ఉప్పువేసి గడ్డకట్టించి ఉడికిస్తే నల్ల. పేగులు కడిగి కడిగి వండితే బోటి. పారేసేది ఏదీ లేదు.

దీన్ని ఆటవికమన్నారు. మేము దీన్ని విద్య అంటాం. ఎంత ఉప్పు, ఎన్ని ఎండలు, ఏ ఆకుతో ఏది అన్నది తరతరాలుగా ఆడవాళ్ళ చేతుల్లో నిలిచిన లెక్క. మరాఠ్వాడా దళితుల వంటల మీద షాహూ పాటోళే 2015లో మరాఠీలో పుస్తకం రాశాడు. అక్కడ ఇలాగే ఎండబెట్టిన కూరను చాన్యా అంటారు. మరాఠ్వాడా, తెలంగాణ ఒకే నిజాం రాజ్యం కింద ఉన్నవే కదా. వాడల వంట ఒకటే, భాషే వేరు.

గొడ్డుకూర రోజూ దొరికేది కాదు. రోజువారీ బలం గింజల్లోంచే వచ్చింది. ఉలవలు ఎడ్లకు ఉడికిస్తే మిగిలిన కట్టు మనుషులకు చారు. అనుములు, బొబ్బర్లు, పెసలు ఉడికిస్తే గుడాలు. జొన్నచేలో కంది సాళ్ళు, వాటి మధ్య బొబ్బరి తీగలు. జొన్నరొట్టె, పప్పుగింజ కలిస్తే ఒకదానిలో కొరవడింది రెండోది పూరిస్తుందని పోషకాహార శాస్త్రం ఇప్పుడు చెబుతుంది. చేనే ఆ పని ముందు చేసింది. జహీరాబాదు ప్రాంతంలో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల్లోని దళిత మహిళలు బీడు భూముల్లో ఈ కలగలుపు సేద్యాన్నే నిలబెట్టుకున్నారు. ఒట్టి జొన్నల మీద బతకాల్సి వచ్చినవాళ్ళ గతి ఏమిటో కూడా తెలుసు. హైదరాబాదులో గోపాలన్, శ్రీకాంతియా 1960లో పెల్లాగ్రా వ్యాధిని జొన్నతిండితో ముడిపెట్టి రాశారు. జొన్నలో ల్యూసిన్ ఎక్కువ కావడం కారణమన్న వాళ్ళ వాదన మీద తర్వాత తగవు నడిచింది. కానీ ఆ జబ్బు ఎవరికి వచ్చిందన్నదాని మీద తగవు లేదు. పక్కన పప్పో కూరో లేని పేదలకే వచ్చింది.

ఇక్కడ మనలో మనకు ఒక చిక్కుంది, దాటవేయకూడదు. చచ్చిన గొడ్డు తినొద్దని మనవాళ్ళే అన్నారు. 1866లో ఒంగోలు చేరిన జాన్ క్లౌ దగ్గర క్రైస్తవం తీసుకున్న మాదిగలు ఆదివారం పని, విగ్రహపూజ, చచ్చిన గొడ్డు - మూడూ మానేశారు. 1927 మార్చిలో మహద్ సభలో అంబేద్కర్ అదే పిలుపు ఇచ్చాడు. దీన్ని మాంసం మీద అసహ్యంగా చదివేవాళ్ళున్నారు. మా చదువు వేరు. కళేబరం లాగడం వెట్టి. తోలు తీసి, తంగేడు చెక్కతో లందలో ఊరబెట్టి, రైతుకు మోట తొండం, చెప్పులు కుట్టివ్వాలి. ఆ చాకిరీకి బదులుగా విదిల్చిందే ఆ మాంసం. అది కూలి కాదు, మెడకు కట్టిన గుదిబండ. దాన్ని మానడమంటే వెట్టికి ఎదురు తిరగడమే. అందుకే ఊళ్ళు అంత మండిపడ్డాయి. అంబేద్కర్ 1948లో అచ్చయిన తన పుస్తకంలో గొడ్డుమాంసానికీ అంటరానితనానికీ ఉన్న ముడి విప్పినప్పుడు తిన్నవాళ్ళను తప్పుపట్టలేదు, ఒకప్పుడు తిని తర్వాత మానేసి పవిత్రులైనవాళ్ళను నిలదీశాడు. ముష్టిగా వచ్చిన మాంసం వేరు, డబ్బు పెట్టి కొనుక్కున్న మాంసం వేరు.

కొనుక్కునే దారిని చట్టం ఎలా ఇరుకు చేసిందో చూడండి. 1958లో ఖురేషీ కేసులో సుప్రీంకోర్టు ఆవుల, దూడల వధ మీద పూర్తి నిషేధాన్ని సమర్థించింది. కానీ పనికిరాని ఎద్దులకూ గేదెలకూ అది తగదంది. పాలు, పండ్లు, నెయ్యి కొనలేని పేదలకు అప్పుడప్పుడు అందే ఒక్క ముక్క గొడ్డుకూరను కూడా లాగేస్తే వాళ్ళు పోషణలేక చెడతారని ఆ తీర్పులోనే రాశారు. ఆంధ్రప్రదేశ్ 1977లో చేసిన చట్టం కూడా ఆవును నిషేధించి, ఎద్దుకూ గేదెకూ సర్టిఫికెట్టు అడిగింది. 2005కి వచ్చేసరికి గుజరాత్ కేసులో ఏడుగురు జడ్జీల బెంచి ముసలి ఎద్దుల మీద కూడా పూర్తి నిషేధం చెల్లుతుందంది. మాంసకృత్తులు వేరే తిండ్లలోనూ దొరుకుతాయంది. దొరుకుతాయి, నిజమే. ఎంతకు దొరుకుతాయి? 1958లో కోర్టుకు గుర్తున్న పేదవాడి జేబు 2005లో ఏమైంది? 2012 ఏప్రిల్ 15న ఉస్మానియాలో విద్యార్థులు బీఫ్ పండగ చేస్తే దాడులు జరిగాయి. అది ఆత్మగౌరవ ప్రశ్నగా చర్చకొచ్చింది, సరే. అది ధరల ప్రశ్న కూడానని మా మనవి.

కడుపు నిండకుండా మాంసకృత్తుల లెక్క చెప్పడం కూడా మోసమే. 1970ల్లో సుఖాత్మే, మెక్‌లారెన్ వంటివాళ్ళు ఈ మాటే అన్నారు. తిండి మొత్తమే చాలనప్పుడు తిన్న మాంసకృత్తు కూడా పొయ్యిలో కట్టెలాగా ఒంటికి వేడినిచ్చి మాడిపోతుంది, కండ కట్టదు. ఈ కోణంలో 1983లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం తెచ్చిన రెండు రూపాయల బియ్యం పెద్ద సంగతే. పండగనాటి వరిబువ్వ రోజూ దొరికింది. ఎగతాళి చేసినవాళ్ళు ఆకలి ఎరగనివాళ్ళు. అయితే జొన్నలో ఉన్నంత మాంసకృత్తు బియ్యంలో లేదు. పైగా పప్పు రెండు రూపాయలకు రాలేదు. కంచం నిండింది, కూరగిన్నె నిండలేదు.

ఇప్పుడు తమాషా చూడండి. ఉలవచారు స్టార్ హోటళ్ళలో బిర్యానీ మీదికెక్కింది. బోటి, తలకాయ, కాళ్ళు ఆదివారం మెనూల్లో 'తెలంగాణ స్పెషల్' అయ్యాయి. నిన్నటిదాకా ముక్కు మూసుకున్నవాళ్ళు వరసలో నిలబడుతున్నారు. ఈసడింపు పోవడం మంచిదే. కానీ ఈసడింపుతో పాటు చౌక కూడా పోయింది. పేరు హోటలుకు వచ్చింది, కొనలేని స్థితి వాడకు వచ్చింది. గొడ్డుకూర తునకలు మాత్రం ఏ మెనూలోకీ రాలేదు.

2001 నవంబరు 28న సుప్రీంకోర్టు బడిపిల్లలకు వండిన అన్నం పెట్టాలనీ, అందులో కనీసం 300 కేలరీలు, 8 నుంచి 12 గ్రాముల మాంసకృత్తులు ఉండాలనీ ఆదేశించింది. 2004 ఏప్రిల్ 20న వంటమనుషుల నియామకంలో దళితులకు, ఆదివాసులకు ప్రాధాన్యం ఇవ్వాలంది. దళిత మహిళ వండితే తమ పిల్లల్ని తిననివ్వని తల్లిదండ్రుల వార్తలు దేశంలో చాలాచోట్లనుంచి వచ్చాయి, వస్తున్నాయి. 12 గ్రాములు ఉన్నాయా లేవా అని తూచే అధికారి రిజిస్టరులో, కంచం ముందునుంచి లేచిపోయిన పిల్లల లెక్క రాయడానికి గడి లేదు.

ఆ గడిని మనమే గీసుకోవాలి. బడుల్లో పనిచేసే టీచర్లు ఆ లెక్క రాసి పెట్టండి. విద్యార్థులు సెలవులకు ఊరికి పోయినప్పుడు వాడలోని పెద్దమ్మల్నీ నాయనమ్మల్నీ కూచోబెట్టి అడగండి. కుండెడు గోంగూరకు ఎన్ని తునకలు వేసేవాళ్ళు, కూలి గింజల్లో పప్పుగింజ ఎన్ని రోజులకు వచ్చేది, ఏ నెలలో ఏది దొరికేది, ఎవరింట్లో కొనేవాళ్ళు, ఎవరి దయతో తెచ్చుకునేవాళ్ళు, ఏ ఏడు నుంచి ఏది మానేశారు, ఎందుకు మానేశారు. వాళ్ళ మాటల్లోనే రాసుకు రండి.