డ్రా అయిన నా ఆట

1984 సెప్టెంబరులో మాస్కోలో కార్పోవ్, కాస్పరోవ్‌ల పోరు మొదలైంది. ముందుగా ఆరు ఆటలు గెలిచినవాడే విజేత, డ్రాలు లెక్కలోకి రావు. మధ్యలో వరుసగా 17 డ్రాలయ్యాయి. పేపర్లో మళ్ళీ డ్రా అని చూసి, వీళ్ళు ఆడుతున్నారా, కాపురం చేస్తున్నారా అని మన స్టాఫ్‌రూములో నవ్వుకునేవారు. చివరికి 1985 ఫిబ్రవరి 15న, 48 ఆటల్లో 40 డ్రాలు పూర్తయ్యాక, ఫలితం తేలకుండానే పోటీ ఆపేశారు.

ఆ చలికాలంలోనే అంతర పాఠశాలల పోటీలో నేనూ ఒక డ్రా చేశాను. ఎనిమిదో తరగతి చదువుతున్నాను. ఎదుటి కుర్రాడికి మూలగడిలో రాజు ఒక్కటే మిగిలింది. నేను తొందరపడి నా మంత్రిని దానికి సరిగ్గా గుర్రపు ఎత్తు దూరంలో పెట్టాను. చెక్ లేదు, కదలడానికి గడీ లేదు. తప్పు తెలిసి మంత్రిని వెనక్కి తీయబోతే అంపైరుగారు చేయి పట్టుకున్నారు. స్టేల్‌మేట్, చెరో అర. ఆ అర పాయింటు తేడాతోనే షీల్డు పోయింది.

నాకు చదరంగం నేర్పింది మా తాతగారు. ఆయన పటం గుడ్డది. తెలుపు నలుపు గళ్ళు కావు, ఒట్టి గీతలు. బంటు మొదటి ఎత్తులోనైనా ఒక్క గడే నడవాలి. ఎదుటి రాజుకు చెక్ చెప్పకుండా దారులన్నీ మూసేస్తే ఆ ఎత్తు చెల్లదు, వెనక్కి తీసి వేరేది వేయాలి. ఇంటికొచ్చి, "నీ తప్పుడు ఆట వల్లే పోయింది" అన్నాను. ఆయన పటం మడిచి పెట్టెలో పెట్టారు. మళ్ళీ నేను అడగలేదు, ఆయనా పిలవలేదు. నేను ఇంజనీరింగ్ రెండో సంవత్సరంలో ఉండగా పోయారు.

ఉద్యోగంలో చేరాక హెచ్.జె.ఆర్. మర్రే 1913లో ప్రచురించిన చదరంగ చరిత్ర చదివాను. పాత అరబ్బుల ఆటలో ఎదుటివాణ్ణి అలా కట్టిపడేసినవాడు గెలిచినట్టే. ఇంగ్లండులో పందొమ్మిదో శతాబ్దం మొదటిదాకా, విచిత్రంగా, అలా చేసినవాడే ఓడినట్టు! అది డ్రాగా స్థిరపడింది ఆ తర్వాతే. మన దేశంలో కొన్నిచోట్ల ఆ ఎత్తే నిషిద్ధం. అంటే తాతగారిది తప్పుడు ఆట కాదు, పాత ఆట.

పెట్టె ఇప్పుడు నా దగ్గరే ఉంది. పటం మీద గీతలు కొంత చెరిగాయి. బంట్లలో రెండు లేవు.