బస్తర్‌లో కోవిడ్ టీకా: సందేహాలు, కారణాలు

కోవిడ్ టీకాకు బస్తర్ ఆదివాసులు వెనుకాడారన్న మాట 2021లో తరచుగా వినిపించింది. అందులో నిజం లేకపోలేదు. అయితే ఆ ఏడాది ఛత్తీస్‌గఢ్‌లో టీకాను బహిరంగంగా ప్రశ్నించినవారిలో రాష్ట్ర ఆరోగ్య మంత్రి టి.ఎస్. సింగ్‌దేవ్ కూడా ఉన్నారు.

వివాదం హైదరాబాద్‌లో తయారైన టీకా గురించే. భారత్ బయోటెక్, భారత వైద్య పరిశోధన మండలి కలిసి రూపొందించిన కోవాగ్జిన్‌కు 2021 జనవరి 3న అనుమతి లభించింది. అప్పటికి మూడో దశ ప్రయోగ ఫలితాలు వెలువడలేదు. అవి వచ్చేవరకు ఆ టీకాను తమ రాష్ట్రానికి పంపవద్దని సింగ్‌దేవ్ ఫిబ్రవరిలో కేంద్ర ఆరోగ్య మంత్రి హర్షవర్ధన్‌కు లేఖ రాశారు. సీసాలపై గడువు తేదీ లేదన్నది ఆయన మరో అభ్యంతరం. కేంద్రం రెండింటినీ తోసిపుచ్చింది. మార్చి 3న వెలువడిన మధ్యంతర ఫలితాల్లో టీకా సామర్థ్యం 81 శాతంగానూ, తుది విశ్లేషణలో 77.8 శాతంగానూ తేలింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆమోదం నవంబర్ 3న గాని రాలేదు. మంత్రి అడిగిన ప్రశ్న సమంజసమైనదే. అది గ్రామాలకు ఏ రూపంలో చేరి ఉంటుందన్నది వేరే సంగతి.

బస్తర్ కూలీలకు మహమ్మారి మొదట వ్యాధిగా కాక నడకగా అనుభవమైంది. ఏటా మిరప కోతలకు తెలంగాణ జిల్లాలకు వచ్చే వీరు 2020 లాక్‌డౌన్‌లో అడవి దారులు పట్టి ఇళ్లకు మరలారు. బీజాపూర్ జిల్లాకు చెందిన 12 ఏళ్ల బాలిక ఆ నడకలోనే ప్రాణాలు విడిచింది. ఆమెకు కోవిడ్ లేదని పరీక్షలో తేలింది.

మరుసటి వేసవిలో టీకా వచ్చేసరికి అది తునికాకు సేకరణ కాలం. సూది తరువాత జ్వరం వస్తే ఆ రోజుల కూలి పోతుంది. వైద్య సిబ్బంది జనాన్ని కలుసుకోగలిగే వారపు సంతలు ఆంక్షల వల్ల మూతపడ్డాయి. సర్కారు ప్రచారం ప్రధానంగా హిందీలో సాగితే, వినవలసినవారి మాట గోండీ, హల్బీ, కోంటా వైపు తెలుగు కలిసిన దోర్లీ. మే 17న సిల్గేర్‌లో భద్రతా శిబిరాన్ని వ్యతిరేకిస్తున్నవారిపై పోలీసు కాల్పులు జరిగి ముగ్గురు మరణించారు. టీకా బృందాలు సర్కారు మనుషులుగా ఆ పరిసరాలకు వెళ్లవలసింది కూడా అదే వేసవిలో.

18–44 ఏళ్లవారిలో అంత్యోదయ కార్డుదారులకు ముందుగా టీకా ఇవ్వాలని రాష్ట్రం నిర్ణయించింది. ఫోను, ఇంటర్నెట్ లేనివారు ఆన్‌లైన్ నమోదులో వెనుకబడతారన్నది ప్రభుత్వ వాదన. హైకోర్టు అభ్యంతరంతో కార్యక్రమం కొద్ది రోజులు నిలిచి, అన్ని వర్గాలకూ వాటాలతో తిరిగి మొదలైంది.

అడవిలోని సాయుధ దళాలనూ వ్యాధి వదలలేదు. లొంగిపోయినవారికి వైద్యం చేయిస్తామని పోలసులు ప్రకటించారు. చికిత్స కోసం వరంగల్ వచ్చి పట్టుబడిన మావోయిస్టు నాయకుడు గడ్డం మధుకర్ జూన్ 6న హైదరాబాద్‌లో మరణించారు. పార్టీ తెలంగాణ కార్యదర్శి హరిభూషణ్ అడవిని విడిచి రాలేదు. కరోనా లక్షణాలతో ఆయన జూన్ 21న మరణించినట్లు పార్టీయే ప్రకటించింది.